అమెరికాలో చిన్న పికప్ ట్రక్కు కొనాలంటే: స్వదేశీ, విదేశీ బండ్లను పోల్చి చూడటం ఎలా?

అమెరికాలో పికప్ ట్రక్కు కొనే ఆలోచన ఉందని నలుగురిలో అంటే చాలు, సలహాలు వచ్చి పడతాయి. అమెరికా కంపెనీదే కొనమని ఒకరు చెబుతారు. టొయోటా అయితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చని మరొకరు భరోసా ఇస్తారు. రెండు మాటల వెనుకా ముప్పై నలభై ఏళ్ల కిందటి అనుభవం ఉంది. ఆ అనుభవాన్ని ఇప్పటి బండ్లకు ఉన్నదున్నట్టుగా అన్వయిస్తే మాత్రం డబ్బు నష్టపోతారు, పనికిరాని బండి ఇంటి ముందు మిగులుతుంది. ట్రక్కును ముందువైపున్న పేరును బట్టి ఎంచుకోకూడదు, డ్రైవర్ తలుపు తీస్తే లోపలి అంచున కనిపించే స్టిక్కర్‌ను బట్టి ఎంచుకోవాలి. ఇది నా గట్టి నమ్మకం. కొత్త బండికైనా పాత బండికైనా ఆ ఎంపిక ఎలా చేయాలో వరుసగా చెబుతాను.

1. మీ పని ఏమిటో ముందు రాసుకోండి

షోరూముకు వెళ్లకముందే ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు కాగితం మీద పెట్టండి. ఏడాదిలో అత్యంత బరువైన సామాను ఏది వేస్తారు? వెనుక ట్రైలర్ లాగుతారా, లాగితే సామానుతో కలిపి దాని బరువెంత? వెనుక సీటులో రోజూ ఎవరు కూర్చుంటారు? మంచు, బురద, కొండదారి మీ ప్రయాణాల్లో ఎంత భాగం?

"ఎప్పుడైనా పడవ కొంటే లాగడానికి" లాంటి ఊహలను ఈ కాగితం మీదకు రానివ్వకండి. లేని పడవ కోసం పెద్ద ఇంజిన్ కొని, ఏళ్ల తరబడి దానికి పెట్రోలు పోస్తున్నవారు చాలామంది ఉన్నారు. ఏడాదికి ఒక్కసారి వచ్చే పెద్ద పనికి ఒక రోజు అద్దె ట్రక్కు తెచ్చుకుంటే సరిపోతుంది.

2. "స్వదేశీ" అన్న మాటను పరీక్షకు పెట్టండి

ఈ మెట్టు దగ్గర కాస్త ఆగుదాం. చాలామంది పోలిక ఇక్కడే తప్పుదారి పడుతుంది.

ఫోర్డ్ మావెరిక్ అమెరికా కంపెనీ బండి. అది తయారయ్యేది మెక్సికోలోని ఎర్మోసీయోలో. హోండా రిడ్జ్‌లైన్ జపాన్ కంపెనీ బండి. అది తయారయ్యేది అలబామా రాష్ట్రంలోని లింకన్‌లో. నిస్సాన్ ఫ్రాంటియర్ మిసిసిపీలోని కాంటన్‌లో, హ్యుందాయ్ శాంటా క్రూజ్ అలబామాలోని మాంట్‌గోమరీలో పుట్టినవి. టొయోటా టకోమా ఒకప్పుడు టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో తయారయ్యేది, ఇప్పుడు పూర్తిగా మెక్సికో నుంచి వస్తోంది. ఫోర్డ్ రేంజర్‌ది మిషిగన్, షెవర్లే కొలరాడో, జీఎంసీ కేన్యన్‌లది మిస్సోరీ, జీప్ గ్లాడియేటర్‌ది ఒహాయోలోని టొలీడో. జీప్ అంటే అమెరికాకు మారుపేరుగా చెబుతారు గానీ, దాని మాతృసంస్థ స్టెలాంటిస్ నెదర్లాండ్స్‌లో నమోదైన కంపెనీ. అమెరికా కార్మికుడి చేతిలో తయారైన బండే కావాలనుకుంటే మీరు హోండా కొనాల్సి రావచ్చు, ఫోర్డ్ వదులుకోవాల్సి రావచ్చు.

ఈ పరిస్థితి ఎలా వచ్చిందో తెలిస్తే ధరల లెక్క కూడా తేలికగా అర్థమవుతుంది. 1960ల తొలినాళ్లలో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ అమెరికా కోడిమాంసంపై సుంకం పెంచాయి. దానికి బదులుగా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1963 డిసెంబరులో కొన్ని దిగుమతులపై ఎదురు సుంకం ప్రకటించారు. అందులో తేలికపాటి ట్రక్కులపై విధించిన 25 శాతం సుంకం ఒకటి. మిగతా వస్తువుల మీద సుంకాలు కాలక్రమంలో పోయాయి, ట్రక్కుల మీది సుంకం నిలిచిపోయింది. ఇప్పటికీ దాన్ని "చికెన్ ట్యాక్స్" అనే పిలుస్తారు.

ఆ సుంకాన్ని తప్పించుకోవడానికి కంపెనీలు పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. 1970లలో ఫోర్డ్ కూరియర్ పేరుతో అమ్మిన చిన్న ట్రక్కు నిజానికి జపాన్‌లో మాజ్దా తయారుచేసినది. షెవర్లే లవ్ ఇసుజుది. వాటిని వెనుక బెడ్ (సామాను వేసే తొట్టి) లేకుండా చాసిస్‌గా దిగుమతి చేసి, అమెరికాలో బెడ్ బిగించేవారు. అలా చేస్తే సుంకం 4 శాతమే పడేది. 1980లో ప్రభుత్వం ఆ దారి మూసేసింది. అప్పుడు అమెరికా కంపెనీలు సొంత చిన్న ట్రక్కులకు దిగాయి: 1982 మోడల్‌గా షెవర్లే ఎస్-10, 1983 మోడల్‌గా ఫోర్డ్ రేంజర్. జపాన్ కంపెనీలు అమెరికా గడ్డ మీదే ఫ్యాక్టరీలు పెట్టాయి. టెనెసీలోని స్మిర్నాలో నిస్సాన్ 1983లో మొదట తయారుచేసింది పికప్పునే. టకోమా అయితే చాలా ఏళ్లు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, జనరల్ మోటార్స్‌తో టొయోటా కలిసి నడిపిన ఫ్యాక్టరీలో తయారైంది.

మీ ముందున్న బండి ఎక్కడిదో తేల్చుకోవడం కష్టం కాదు. 17 అక్షరాల విన్ నంబర్, అంటే బండి గుర్తింపు సంఖ్య, విండ్‌షీల్డ్ కింద, డ్రైవర్ వైపు ఉంటుంది. మొదటి అక్షరం 1, 4, 5లలో ఒకటైతే అమెరికా, 2 అయితే కెనడా, 3 అయితే మెక్సికో. జపాన్‌లో తయారైతే 'జె' అక్షరం ఉంటుంది. కొత్త బండికైతే ఇంకో కాగితం కూడా ఉంటుంది. 1992 నాటి చట్టం ప్రకారం విడిభాగాల్లో అమెరికా, కెనడాల వాటా ఎంత శాతమో, ఇంజిన్, గేర్‌బాక్స్ ఏ దేశానివో, చివరి బిగింపు ఎక్కడ జరిగిందో కంపెనీ కిటికీ అద్దం మీది స్టిక్కర్‌లో చూపాలి. సేల్స్‌మన్ చెప్పేది తర్వాత వినవచ్చు, ముందు ఆ స్టిక్కర్ చదవండి.

3. ఫ్రేమ్ ఉన్న బండా, లేని బండా తేల్చుకోండి

దేశం సంగతి పక్కన పెట్టి చూస్తే ఈ ట్రక్కులన్నీ రెండు జాతులుగా విడిపోతాయి. నన్నడిగితే పోల్చాల్సిన అసలు తేడా ఇదే.

రేంజర్, కొలరాడో, కేన్యన్, గ్లాడియేటర్, టకోమా, ఫ్రాంటియర్‌లకు కింద నిచ్చెన ఆకారపు ఉక్కు ఫ్రేమ్ ఉంటుంది. క్యాబిన్, బెడ్ విడివిడిగా దాని మీద కూర్చుంటాయి. నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న రకాల్లో, నెమ్మదిగా ఎక్కువ బలంతో లాగే లో-రేంజ్ గేర్ ఉంటుంది. బరువైన ట్రైలర్‌కూ, రాళ్ల దారికీ, ఏళ్ల తరబడి మోటు పనికీ ఇవే తగినవి. మావెరిక్, శాంటా క్రూజ్, రిడ్జ్‌లైన్‌లకు కారులాగే శరీరమంతా ఒకే నిర్మాణం. నగరంలో నడపడానికి, పార్కింగుకు, నడుముకు ఇవి ఎంతో సుఖం. లో-రేంజ్ మాత్రం ఉండదు.

చూడండి, ప్రతి జాతిలోనూ స్వదేశీ ఉంది, విదేశీ ఉంది. మావెరిక్‌ను టకోమాతో పోల్చి "అమెరికా బండి బలహీనం" అనడం ఎంత పొరపాటో, రిడ్జ్‌లైన్‌ను గ్లాడియేటర్‌తో పోల్చి "జపాన్ బండి మెత్తన" అనడమూ అంతే పొరపాటు. మావెరిక్‌కు జోడీ శాంటా క్రూజ్. రేంజర్, కొలరాడోలకు జోడీ టకోమా, ఫ్రాంటియర్. పరిమాణంలో రిడ్జ్‌లైన్ ఈ రెండో గుంపుకు దగ్గర, స్వభావంలో మొదటి గుంపుకు దగ్గర.

పేర్ల విషయంలోనూ ఒక జాగ్రత్త. ఒకప్పుడు కాంపాక్ట్ అని అమ్మిన రేంజర్ పెరిగి పెరిగి ఇప్పుడు మిడ్‌సైజ్ అయింది. నేడు నిజంగా కాంపాక్ట్ అనదగ్గవి మావెరిక్, శాంటా క్రూజ్‌లే. 1990ల నాటి చిన్న ట్రక్కు మనసులో ఉంచుకుని ఇప్పటి రేంజర్ కొనబోతుంటే, ముందు మీ గ్యారేజీ కొలత తీసుకోండి.

4. తలుపు స్టిక్కర్‌తో బరువు లెక్క వేయండి

ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసేది లాగుడు బరువు. కొత్త మోడళ్లలో కంపెనీలు చెప్పే గరిష్ఠ అంకెలు ఇవి: కొలరాడో 7,700 పౌండ్లు, రేంజర్ 7,500, 2025 ఫ్రాంటియర్ 7,150, టకోమా 6,500. రిడ్జ్‌లైన్, టర్బో శాంటా క్రూజ్ చెరి 5,000. మావెరిక్ మామూలుగా 2,000, ట్రైలర్ ప్యాకేజీ ఉంటే 4,000. ఇవన్నీ ఆయా కంపెనీల్లో ఏదో ఒక రకానికి మాత్రమే దక్కే అంకెలు. మీరు కొనే బండికి అది రాకపోవచ్చు.

నిజంగా ముందు అడ్డుపడేది పేలోడ్, అంటే బండి మోయగల బరువు. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లకు మించరాదని రాసి ఉంటుంది. ఆ అంకె సరిగ్గా ఆ బండికే వర్తిస్తుంది. ఒకే మోడల్ అయినా సన్‌రూఫ్, పెద్ద చక్రాలు, నాలుగు చక్రాల డ్రైవ్ చేరిన కొద్దీ ఆ అంకె తగ్గిపోతుంది. ఖరీదైన రకం తరచూ తక్కువ మోస్తుందన్న సంగతి చాలామందికి కొన్న తర్వాతే తెలుస్తుంది.

ఒక లెక్క చూద్దాం. స్టిక్కర్ మీద 1,400 పౌండ్లు ఉందనుకోండి. బండిలో ఐదుగురు, ఒక్కొక్కరు 160 పౌండ్లు. మొత్తం 800. వెనుక 5,000 పౌండ్ల ట్రైలర్ తగిలించారు. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడాలి, లేకపోతే ట్రైలర్ ఊగుతుంది. 12 శాతం అనుకుంటే 600 పౌండ్లు. ఇది కూడా పేలోడ్‌లోనే చేరుతుంది. 800కు 600 కలిపితే 1,400. అంతే, అయిపోయింది. బెడ్‌లో ఒక నీళ్ల డబ్బా పెట్టడానికి కూడా చోటు లేదు. 7,000 పౌండ్లు లాగుతుందన్న ప్రకటన ఈ కుటుంబానికి ఏ రకంగానూ పనికిరాదు.

తోట పని చేసేవారు ఇంకో లెక్క గుర్తుంచుకోవాలి. ఒక క్యూబిక్ గజం అంటే 27 ఘనపుటడుగులు. మావెరిక్ బెడ్‌లో సుమారు 33 ఘనపుటడుగుల చోటుంది కాబట్టి గజం మట్టి సులువుగా పడుతుంది. కానీ గజం మట్టి బరువు 2,000 పౌండ్లు దాటుతుంది. ఈ తరగతిలో స్వదేశీ అయినా విదేశీ అయినా ఏ బండీ దాన్ని సురక్షితంగా మోయలేదు. అదే గజం చెక్కపొట్టు మల్చ్ అయితే బాగా తేలిక, సాధారణంగా దర్జాగా వెళ్లిపోతుంది. బెడ్‌లో చోటుందని లోడర్ నడిపే వ్యక్తి ఇంకో తొట్టి వేయబోతే ఆపాల్సింది మీరే.

5. బెడ్‌ను టేపుతో కొలవండి

ప్లైవుడ్ పలక 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు. అది నేలబారుగా పరచుకోవాలంటే చక్రాల గూళ్ల మధ్య కనీసం 48 అంగుళాలు ఉండాలి. రిడ్జ్‌లైన్‌లో 50 అంగుళాలు ఉంది, పైగా బెడ్ కింద తాళం వేసుకునే డిక్కీ కూడా ఉంది. వడ్రంగి పనికీ, వారాంతపు ప్రయాణానికీ ఇంత తెలివైన ఏర్పాటు మరే కంపెనీ చేయలేదని నా అభిప్రాయం. ట్రక్కు అభిమానులు దీన్ని చిన్నచూపు చూడటం నాకు బాధ కలిగిస్తుంది. టకోమా, కొలరాడో, గ్లాడియేటర్‌లలో గూళ్ల మధ్య ఇంత వెడల్పు లేదు. మావెరిక్‌కు బెడ్ పొడవు నాలుగున్నర అడుగులే అయినా, టెయిల్‌గేట్‌ను సగం తెరిచి నిలిపితే పలకలు గూళ్ల మీద సమంగా ఆనుతాయి. బెడ్ గోడల్లో అడ్డకర్రలు దూర్చుకునే గాళ్లు కూడా ఉన్నాయి.

పొడవైన బెడ్ కావాలంటే విదేశీ కంపెనీల వైపే చూడాలి. టకోమా, ఫ్రాంటియర్‌లలో ఆరడుగుల బెడ్ దొరుకుతుంది. 2023లో కొత్తరూపు దిద్దుకున్న కొలరాడో నాలుగు తలుపులు, ఐదడుగుల పైచిలుకు బెడ్ కలయికలోనే వచ్చింది.

6. ఇంజిన్, మైలేజీ

ఇక్కడ ఒకప్పటి అంచనాలు తలకిందులయ్యాయి. మైలేజీ అంటే జపాన్ బండి అనుకునే రోజుల్లోంచి, ఈ తరగతిలో మైలేజీకి ఫోర్డ్ ముందుండే రోజుకు వచ్చాం. 2022 మోడల్‌గా వచ్చిన మావెరిక్ హైబ్రిడ్‌కు ప్రభుత్వ సంస్థ ఈపీఏ ఇచ్చిన సగటు గ్యాలన్‌కు 37 మైళ్లు. వీ6 (ఆరు సిలిండర్ల) ఇంజిన్ పికప్పులు 20 మైళ్లకు అటూ ఇటూ తిరుగుతాయి. ఏడాదికి 12,000 మైళ్లు నడిపేవారికి ఈ తేడా దాదాపు 275 గ్యాలన్లు. మీ ఊరి పెట్రోలు ధరతో గుణించి చూసుకోండి.

టకోమా కూడా హైబ్రిడ్‌గా వస్తోంది. 2024 నాటి కొత్త తరంలో దానికి 326 హార్స్‌పవర్ ఉంది. అయితే అందులో ఎలక్ట్రిక్ మోటారు చేసేది ప్రధానంగా బలం పెంచే పని, పొదుపు రెండోది. హైబ్రిడ్ అన్న పేరు ఒకటే అయినా మావెరిక్‌తో దీన్ని ఒక గాట కట్టకండి.

టర్బో వద్దు, సాదా వీ6 కావాలనుకునేవారికి ఇంకా మూడు బండ్లు మిగిలాయి: 310 హార్స్‌పవర్ ఫ్రాంటియర్, 285 గ్లాడియేటర్, 280 రిడ్జ్‌లైన్. పదిహేనేళ్లు ఉంచుకోవాలని కొంటున్నవారికి నేను ఫ్రాంటియర్ చూడమని చెబుతాను. ఆర్భాటం లేని, నేరుగా అర్థమయ్యే యంత్రం అది. రిడ్జ్‌లైన్ వీ6కు టైమింగ్ బెల్ట్ ఉంటుంది. సుమారు లక్ష మైళ్ల దగ్గర దాన్ని మార్చాలి. పాత రిడ్జ్‌లైన్ కొంటుంటే ఆ మార్పిడి రసీదు అడగండి. లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.

7. పాతది కొంటుంటే సంవత్సరాన్ని బట్టి వెతకండి

కంపెనీకి మొత్తంగా మంచి పేరు ఉండవచ్చు, చెడ్డ పేరు ఉండవచ్చు. మీరు కొనేది మాత్రం ఒక సంవత్సరపు బండిని. ప్రతి కంపెనీకీ కలిసిరాని ఏళ్లు ఉన్నాయి.

టకోమాతో మొదలుపెడదాం, ఎందుకంటే దాని మీదే గుడ్డి నమ్మకం ఎక్కువ. 2005 నుంచి 2010 వరకు వచ్చిన టకోమాల ఫ్రేములు తుప్పుపట్టి బలహీనపడిన కేసులో టొయోటా 2016లో 340 కోట్ల డాలర్ల వరకు ఖర్చయ్యే పరిష్కారానికి ఒప్పుకుంది. ఆ ఒప్పందం కింద ఉచితంగా ఫ్రేమ్ మార్చే గడువు ఇప్పుడు ముగిసిపోయింది. కాబట్టి ఆ ఏళ్ల బండి చూడబోతే టార్చిలైటు తీసుకెళ్లండి. కింద పడుకుని, వెనుక చక్రాల దగ్గర స్ప్రింగు పట్టీలు ఫ్రేముకు కలిసే చోట చూడండి. చిన్న సుత్తితో తేలికగా తట్టండి. ఖంగుమంటే మంచిది. మెత్తగా మోగినా, పెచ్చులు రాలినా వెనక్కి వచ్చేయండి. అమ్మే ముందురోజే కింద నల్ల రంగు పూసినట్టు కనిపిస్తే అనుమానం రెట్టింపు చేసుకోండి. ఒహాయో, మిషిగన్, పెన్సిల్వేనియా, న్యూయార్క్ లాంటి చోట్ల చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అక్కడ తిరిగిన ఏ కంపెనీ ట్రక్కుకైనా ఈ పరీక్ష తప్పనిసరి.

2005 నుంచి 2010 వరకు వచ్చిన ఫ్రాంటియర్‌లో రేడియేటర్ లోపల పగులు వచ్చి, కూలెంట్ వెళ్లి గేర్‌బాక్స్ ఆయిల్‌లో కలిసేది. రేడియేటర్ చవక, గేర్‌బాక్స్ ఖరీదు. రేడియేటర్ మార్చారో లేదో అడగండి. గేర్‌బాక్స్ ఆయిల్ గులాబీ రంగు పాలలా ఉంటే ఆ బండి వద్దు.

కొలరాడో, కేన్యన్‌లలో 2017 నుంచి 2019 వరకు వచ్చిన ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ కొన్ని బండ్లలో వణికేది. గేర్‌బాక్స్ ఆయిల్ మార్చి చాలావాటిలో దాన్ని సరిచేశారు. పరీక్షించడం ఇలా: గంటకు 40 నుంచి 60 మైళ్ల మధ్య వేగంలో యాక్సిలరేటర్‌ను తేలికగా, ఒకే తీరున నొక్కి ఉంచండి. గరుకు రోడ్డు మీద వెళ్తున్నట్టు కంపనం వస్తే ఆ సమస్య ఇంకా ఉన్నట్టే.

పాత రేంజర్‌లో చూడాల్సింది ఎయిర్‌బ్యాగ్. 2004 నుంచి 2011 వరకు వచ్చినవాటిలో టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల రీకాల్ (లోపం సరిచేయడానికి బండ్లను వెనక్కి పిలవడం) ఉంది. 2006 నాటి కొన్ని రేంజర్లను అసలు నడపవద్దని 2018 జనవరిలో ఫోర్డ్ స్వయంగా హెచ్చరించింది. రీకాల్ పని ఉచితం. విన్ నంబర్‌ను ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో వేస్తే ఏ రీకాల్ మిగిలి ఉందో నిమిషంలో తెలుస్తుంది. బండి చూడటానికి బయలుదేరకముందే ఈ పని చేయండి.

పాత బండ్ల వెతుకులాటలో రెండు కిటుకులు. మొదటిది, 2012 నుంచి 2014 వరకు ఈ పరిమాణంలో అమెరికా కంపెనీల కొత్త ట్రక్కులు దాదాపు లేవు. 2011లో రేంజర్, క్రైస్లర్ కంపెనీ డకోటా ఆగిపోయాయి, 2012లో కొలరాడో ఆగింది. కొలరాడో 2015 మోడల్‌తో, రేంజర్ 2019 మోడల్‌తో తిరిగి వచ్చాయి. ఆ మధ్యకాలపు బండి కావాలంటే దాదాపుగా టకోమా, ఫ్రాంటియర్‌లే గతి, అందుకే వాటి ధర దిగదు. రెండోది, పేరు మార్చుకున్న కవలల కోసం చూడండి. అమెరికాలో 1994 తర్వాత అమ్మిన మాజ్దా బి-సిరీస్ అంటే లోపలంతా రేంజరే. ఇసుజు హోంబ్రే అంటే ఎస్-10. సుజుకి ఈక్వేటర్ అంటే ఫ్రాంటియర్. విడిభాగాలు చాలావరకు అవే, గిరాకీ మాత్రం తక్కువ.

జపాన్‌లో వాడిన బుల్లి కేయ్ ట్రక్కుల మీద మోజు పడుతున్నవారికి ఒక మాట. 25 ఏళ్లు దాటిన బండ్లకే భద్రతా ప్రమాణాల మినహాయింపు వర్తిస్తుంది. స్టీరింగ్ కుడివైపు ఉంటుంది, ఇంజిన్ 660 సీసీ. కొన్ని రాష్ట్రాలు రోడ్డు మీద తిరగడానికి నమోదు చేయవు. డబ్బు చెల్లించేముందు మీ రాష్ట్ర రవాణా శాఖను అడగండి.

8. వెనుక సీటులో పిల్లలుంటే

బీమా కంపెనీలు నడిపే భద్రతా సంస్థ ఐఐహెచ్‌ఎస్ 2023లో వెనుక సీటు ప్రయాణికుల రక్షణను కొలిచే కొత్త ఢీకొట్టుడు పరీక్షలో కొలరాడో, రేంజర్, గ్లాడియేటర్, ఫ్రాంటియర్, టకోమాలను పెట్టింది. ఒక్కదానికీ మంచి ఫలితం రాలేదు. స్వదేశీ, విదేశీ తేడా లేకుండా అన్నీ తడబడ్డాయి. ఆ తర్వాత రేంజర్, టకోమా కొత్త తరాలు వచ్చాయి కాబట్టి మీరు కొనే సంవత్సరపు ఫలితాన్ని విడిగా చూడండి. మీ పిల్లల కారు సీటును షోరూముకు తీసుకెళ్లి బిగించి చూడండి. టకోమా, ఫ్రాంటియర్‌లలో పొట్టి క్యాబిన్ రకాలు కూడా ఉన్నాయి. అవి పిల్లలున్న కుటుంబానికి తగవు.

9. నడిపి చూసేటప్పుడు

ఒకే రోజు, ఒకే దారిలో, ఒకే జాతికి చెందిన రెండు బండ్లు నడపండి. వారం తేడాతో నడిపితే మొదటిది గుర్తుండదు. ఖాళీ బెడ్‌తో గతుకుల మీద వెళ్తే పట్టీ స్ప్రింగులున్న రేంజర్, కొలరాడో, ఫ్రాంటియర్‌లు వెనుక భాగాన్ని ఎగరేస్తాయి. 2024 టకోమాలో ఎక్కువ రకాలకు వెనుక చుట్ట స్ప్రింగులు వచ్చాయి, తేడా వెంటనే తెలుస్తుంది. నాలుగు చక్రాల డ్రైవ్‌ను లో-రేంజ్‌తో సహా వేసి చూడండి, కానీ పొడి రోడ్డు మీద కాదు. అలా చేస్తే చక్రాలు పట్టేసి గేర్ల మీద భారం పడుతుంది. గులకరాళ్ల దారి వెతుక్కోండి.

10. ధర, వారంటీ, తిరిగి అమ్మినప్పుడు వచ్చేది

మావెరిక్ 2021లో 20,000 డాలర్ల లోపు ప్రారంభ ధరతో వచ్చి సంచలనం రేపింది. ఆ ధర ఇప్పుడు లేదు, చాలా పైకి వెళ్లింది. మెక్సికో నుంచి వచ్చే బండ్ల మీద 2025 ఏప్రిల్‌లో కొత్త సుంకాలు కూడా మొదలయ్యాయి. మావెరిక్, టకోమా రెండూ వాటి పరిధిలోకి వస్తాయి. అందుకే పాత ధరలు మనసులో పెట్టుకోకుండా పన్ను, రవాణా రుసుము, డీలర్ రుసుములు అన్నీ కలిపి చివరికి కట్టాల్సిన మొత్తం ఎంతో లిఖితపూర్వకంగా తీసుకోండి. కనీసం ముగ్గురు డీలర్ల నుంచి తీసుకోండి. నెలకు కిస్తీ ఎంతన్న ప్రశ్నతో బేరం మొదలుపెట్టే చోట బేరం ఆడకండి.

వారంటీలో హ్యుందాయ్‌ది పైచేయి. ఇంజిన్, గేర్‌బాక్స్‌లకు 10 ఏళ్లు లేదా లక్ష మైళ్లు. అది మొదటి యజమానికే పూర్తిగా వర్తిస్తుంది, రెండో యజమానికి 5 ఏళ్లు లేదా 60,000 మైళ్లకు తగ్గుతుంది. ఫోర్డ్, జనరల్ మోటార్స్, టొయోటా, హోండా, నిస్సాన్‌లు మొదటినుంచీ 5 ఏళ్లు, 60,000 మైళ్లే ఇస్తాయి. హైబ్రిడ్ బ్యాటరీకి ఫోర్డ్ 8 ఏళ్లు లేదా లక్ష మైళ్లు ఇస్తే, టొయోటా 10 ఏళ్లు లేదా 1,50,000 మైళ్లు ఇస్తుంది.

తిరిగి అమ్మితే ఎక్కువ ధర నిలుపుకునేది టకోమా. దీనికి రెండో వైపు కూడా ఉంది. రెండు మూడేళ్ల పాత టకోమా ధర కొత్తదానికి దగ్గరగా ఉంటుంది కనుక, పాతది కొనేవారికి అందులో లాభం లేదు. టకోమా కావాలంటే కొత్తది కొని చాలాకాలం ఉంచుకోండి. పాతది కొని డబ్బు మిగుల్చుకోవాలంటే ఫ్రాంటియర్, కొలరాడో, రిడ్జ్‌లైన్‌ల వైపు వెళ్లండి. ఇంకో విషయం, పల్లెప్రాంతంలో ఉంటే మీ ఇంటికి ఏ కంపెనీ సర్వీసు కేంద్రం దగ్గరో చూసుకోండి. చాలా చిన్న ఊళ్లలో ఫోర్డ్, షెవర్లే డీలర్లు ఉంటారు, హోండా కోసం గంట ప్రయాణం చేయాల్సి రావచ్చు. వారంటీ పని ఉన్నప్పుడు ఆ గంట పెద్దదే.

పాత బండి ఏదైనా, అమ్మేవారికి సంబంధం లేని మెకానిక్‌తో లిఫ్టు మీద ఎక్కించి చూపించకుండా సంతకం చేయకండి. ఒప్పుకోని అమ్మకందారుడి దగ్గర కొనకండి.

11. కొన్న తర్వాత ఒకసారి తూకం వేయించండి

హైవేల పక్కన ట్రక్ స్టాపుల్లో తూకపు వేదికలు ఉంటాయి, కొద్ది డాలర్లే తీసుకుంటారు. మొదటి దూరప్రయాణానికి ముందు కుటుంబమంతా ఎక్కి, సామాను వేసి, ట్రైలర్ తగిలించి వెళ్లండి. వచ్చే చీటీలో ముందు ఇరుసు, వెనుక ఇరుసు, ట్రైలర్ ఇరుసుల బరువులు విడివిడిగా ఉంటాయి. వాటిని తలుపు స్టిక్కర్ మీద ఒక్కో ఇరుసుకు ఇచ్చిన పరిమితితో సరిచూడండి. వెనుక ఇరుసు పరిమితి దాటితే బరువైన సామాను ట్రైలర్‌లో దాని ఇరుసు పైకి మార్చండి. హిచ్ మీద పడే బరువు 10 శాతం కంటే తగ్గకుండా చూసుకుని మళ్లీ తూకం వేయించండి.